పేరు ఆయనది, శాస్తి ఆమెకా?

పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం మా సంఘ సహోదరి ఒకామె ఫోన్ చేసింది. "అయ్యగారూ, జప్తోళ్లొచ్చిన్రు. కాయిదం మీద ఆయినె పేరున్నది. ఆయినె ఎక్కడ అని అడుగుతున్రు. ఏమని చెప్పాలె?"

ఆయన ఎక్కడున్నాడో ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. మూడేళ్ల కింద ఇంట్లో ఉన్న రెండు మగ్గాలు అమ్ముకొని భీవండి వెళ్లిపోయాడు. అక్కడ వేరే కాపురం. ఇక్కడ షోలాపూర్ పూర్వభాగంలో ఆ రెండు గదుల ఇంట్లో ఆమె, ఇద్దరు పిల్లలు. పగలంతా బీడీలు చుడుతుంది, సాయంత్రం జాకెట్లు కుడుతుంది. ఈ ఊరు తెలియని పాఠకులకు ఒక మాట: కన్నా చౌక్, దత్తనగర్, భద్రావతి పేట, సాఖర్ పేట వైపు వస్తే మహారాష్ట్రలో ఉన్నామని మరిచిపోతారు. కరీంనగర్, వరంగల్, నల్లగొండ నుంచి తరాల కిందట మగ్గం వెంట వచ్చిన కుటుంబాలు ఇవి. మగవాళ్లు చాదర్లు, టవల్ నేసే మగ్గాల మీద, ఆడవాళ్లు బీడీ చాట ముందు. ఇంటి ముందు గదిలో మగ్గం, వెనక గదిలో కాపురం. మగ్గం పోతే ముందు గది ఖాళీ అవుతుంది గానీ ఆ గది మీద పన్ను పోదు.

నేను వెళ్లేసరికి గుమ్మంలో ముగ్గురు మనుషులు, వీధిలో ఒక జీపు. వచ్చిన అధికారి మర్యాదస్థుడు. అది దాచను. ఆమెను "తాయీ" అని పిలిచాడు, గొంతు పెంచలేదు. ఇంట్లో ఉన్నవి రాసుకున్నాడు: టీవీ, ఫ్రిజ్, కుట్టు మిషన్. కుట్టు మిషన్ మా అమ్మ ఇచ్చింది అని ఆమె అంటే, కాగితం మీద పక్కన చిన్నగా ఏదో గీసుకున్నాడు. ఆరోజు ఏమీ తీసుకుపోలేదు. నెలాఖరు వరకు గడువు ఇచ్చి, లేకపోతే నల్లా తెంపక తప్పదని చెప్పాడు. నాలుగైదు రోజులకోసారి నీళ్లొచ్చే ఊళ్లో నల్లా తెంపుతామంటే ఏమిటో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. వెళ్తూ నాతో మరాఠీలో ఒక మాట అన్నాడు: "మేము పేరు చూసి వస్తాం గురూజీ. పేరున్న మనిషి దొరకడు. దొరికిన మనిషి పేరు కాగితంలో ఉండదు."

ఆ మాట నన్ను పడుకోనివ్వలేదు. ఎందుకంటే ఆ ఇంటి ఒప్పుదల కాగితం రాసింది నేనే.

మూడేళ్ల కింద వాళ్లిద్దరూ విడిపోయేటప్పుడు కోర్టుకు వెళ్లలేదు. మన ఇళ్లలో ఎవరు వెళ్తారు? ఇద్దరి వైపు పెద్దలు, సంఘ పెద్దలు, నేను కూర్చున్నాం. రెండు రాత్రులు మాట్లాడాం. వంద రూపాయల స్టాంపు కాగితం మీద "ఇల్లు ఆమెకు, పిల్లలకు; మగ్గాలు అతనికి" అని రాశాం. చివర ప్రార్థన చేశాం. అందరం సంతకాలు పెట్టాం. ఇల్లు ఆమెకు ఇప్పించామని మాలో కొందరం సంతోషపడ్డాం కూడా. ఆ ఇంటి మీద అప్పటికే మూడేళ్ల ఘర్‌పట్టి బాకీ ఉందా అని ఒక్కరు అడగలేదు. కార్పొరేషన్ పుస్తకంలో పేరు మార్పిస్తారా అని ఒక్కరు అడగలేదు. అతను మగ్గాలతో పాటు అమ్మిన డబ్బు తీసుకున్నాడు. ఆమె ఇంటితో పాటు అతని బాకీ తీసుకుంది. వేదాంత కళాశాలలో నాకు గ్రీకు నేర్పారు, హెబ్రీ నేర్పారు. ఘర్‌పట్టి బిల్లు చదవడం నేర్పలేదు. ఇది సాకుగా చెప్పడం లేదు. కాపరిగా నేను చేసిన తప్పు ఇది, అందుకే రాస్తున్నాను.

ఇక ఆ బిల్లు సంగతి. మరాఠీ బిల్లులో ఒక వరుస ఉంటుంది, దాని పేరు "శాస్తి". ఆలస్యానికి వేసే జరిమానా. మన తెలుగు చెవికి ఆ మాట ఎలా వినబడుతుందో ఆలోచించండి. "దానికి తగిన శాస్తి జరిగింది" అంటాం కదా, చెడు చేసినవాడికి పడిన దెబ్బ గురించి. ఆమె మొదటిసారి ఆ బిల్లు చదివించుకున్నప్పుడు "నాకెందుకు శాస్తి, నేనేం చేసిన?" అని అడిగింది. భాష తెలియక అడిగిందని పక్కింటివాళ్లు నవ్వారు. నాకు మాత్రం అంతకంటే సరైన ప్రశ్న ఈ మధ్య వినపడలేదు.

మహారాష్ట్ర నగరాల్లో ఈ శాస్తి నెలకు నూటికి 2 రూపాయలు. ఏడాదికి 24. పదివేల బాకీ ఉంటే ఏడాదిలో 2,400 అదనం. 50 నెలలు గడిస్తే శాస్తి అసలుతో సమానం. ఆమె బిల్లులో పాత సంవత్సరాల వరుసల్లో అసలు కంటే శాస్తే ఎక్కువ కనిపించింది. బీడీలకు వచ్చే వారం కూలి ఏమిటో తెలిసిన ఎవరినైనా అడగండి, ఈ లెక్కతో ఆమె ఎన్ని వారాలు పరుగెత్తగలదో.

నెహెమ్యా గ్రంథం 5వ అధ్యాయం తెరవండి. గోడ కట్టిన కథగా మనం ఆ పుస్తకాన్ని బాగా ప్రసంగిస్తాం. బిల్డింగ్ ఫండ్ అడగాల్సి వచ్చినప్పుడు మరీ బాగా ప్రసంగిస్తాం. మధ్యలో ఉన్న ఈ అధ్యాయాన్ని దాటేస్తాం. రాజుకు పన్ను కట్టడానికి పొలాల మీద అప్పు తెచ్చామని, పిల్లలను బానిసలుగా ఇవ్వాల్సి వచ్చిందని జనం, వాళ్ల భార్యలు మొర పెట్టిన అధ్యాయం అది. గమనించండి, ఆ మొరలో స్త్రీల గొంతును గ్రంథకర్త ప్రత్యేకంగా చెప్పాడు. నెహెమ్యా పన్ను కట్టవద్దని చెప్పలేదు. పన్ను పేరుతో తోటివాడి ఇల్లు, పొలం మింగిన పెద్దలను సభలో నిలబెట్టాడు, ఇళ్లు తిరిగి ఇవ్వమన్నాడు, నూరవ భాగం వడ్డీ కూడా వదలమన్నాడు. ఆ నూరవ భాగం నెలకు నూటికి ఒకటి అని వ్యాఖ్యాతలు చాలామంది చెబుతారు. ఒకటి చూసి నెహెమ్యాకు అంత కోపం వచ్చింది. మనం రెండు చూసి "చట్టం కదా బ్రదర్" అంటున్నాం.

ఇక్కడ ఒక పెద్దాయన నాకు రోమా 13 చదివి వినిపించాడు. పన్ను ఎవరికి చెల్లించాలో వారికి చెల్లించమని పౌలు చెప్పాడు కదా పాస్టర్‌గారూ అని. అవును, చెప్పాడు. నేనూ నమ్ముతాను. పన్ను లేకుండా ఊరు నడవదు. వీధి దీపం, మురికి కాలువ, మునిసిపల్ బడి, ఆసుపత్రి, ఇవన్నీ ముందు కావలసింది పేదవాళ్లకే. ఉన్నవాడు బోరు వేయించుకుంటాడు, ట్యాంకర్ తెప్పించుకుంటాడు. పన్ను ఎగ్గొట్టడాన్ని నేను వెనకేసుకు రావడం లేదు. నా ప్రశ్న ఒక్కటే. బాకీ పడింది ఎవరు? పౌలు మాట భీవండిలో ఉన్న ఆ సహోదరుడికి ఎవరైనా చదివి వినిపించారా? అతను అక్కడ ఒక సంఘంలో కూర్చుంటున్నాడని విన్నాను. కానుక వేస్తున్నాడని కూడా విన్నాను.

చట్టం ఏం చెబుతుందో చూద్దాం. మన సంఘాల్లో చట్టం అనగానే లోకసంబంధం అనుకుంటారు, కాస్త ఓపిక పట్టండి.

మహారాష్ట్ర నగరపాలక సంస్థల చట్టం 1949లోది. దాని 128వ సెక్షన్‌లో పన్ను వసూలు చేసే దారులు ఉన్నాయి: ముందు బిల్లు, తర్వాత డిమాండ్ నోటీసు, ఆ తర్వాత బకాయిదారుని చరాస్తి జప్తు, చివరకు స్థిరాస్తి. "బకాయిదారుని" అన్న మాట దగ్గర ఆగండి. ఆమె పుట్టింటివాళ్లు ఇచ్చిన కుట్టు మిషన్ బకాయిదారుని ఆస్తి ఎలా అవుతుంది? ఆమె చాటలో ఉన్న ఆకు, తంబాకు అయితే ఆమెవి కూడా కావు, కార్ఖానావాళ్లవి. ఆ చాట, కత్తెర ఆమెవి.

140వ సెక్షన్ ఇంకా ముఖ్యం. పన్ను కట్టాల్సిన అసలు మనిషి కట్టకపోతే, ఆ ఇంట్లో నివసిస్తున్న మనిషికి (మరాఠీలో భోగవటాదారు అంటారు) బిల్లు ఇవ్వవచ్చు. కానీ ఒక హద్దు ఉంది. ఏడాది దాటిన పాత బాకీని నివాసి నుంచి ఆ సెక్షన్ కింద వసూలు చేయకూడదు. ఆ మనిషి ఆ ఇంట్లో లేని కాలపు బాకీ కూడా అడగకూడదు. కట్టిన డబ్బును అసలు మనిషి ఖాతాలో రాసుకొని తిరిగి రాబట్టుకునే హక్కు నివాసికి ఉంది. ఇది పుస్తకంలో ఉన్న చట్టం. మార్చి 31 దగ్గర పడినప్పుడు, వసూలు లక్ష్యం మెడ మీద ఉన్నప్పుడు, గుమ్మంలో నిలబడిన మనిషికి ఈ హద్దు ఎవరు చెబుతారు? ఎక్కడి ఊళ్లోనైనా సరే, జప్తుకు వచ్చినవాళ్లు ఇంటి కోసం చూస్తారు; తలుపు తీసిన ఆడమనిషిని అడుగుతారు; ఆమె భయపడి గాజులు తాకట్టు పెట్టి కడుతుంది. రసీదు మాత్రం ఆయన పేరు మీదే వస్తుంది.

అయితే ఒక చేదు నిజం కూడా చెప్పాలి, లేకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టవుతుంది. అదే చట్టంలో 141వ సెక్షన్ ప్రకారం ఇంటి పన్ను ఆ ఇంటి మీద మొదటి భారం. అంటే ఆమె మెడ మీద నుంచి పాత బాకీ తప్పించినా ఇంటి నెత్తి మీద నుంచి దిగదు. ఏదో ఒకరోజు ఇంటినే అటాచ్ చేయవచ్చు. అందుకే "మాకు సంబంధం లేదు" అని తలుపు వేసుకుంటే సరిపోదు. బాకీ కట్టవలసినవాడి చేత కట్టించాలి. దానికి దారి ఉందా? ఉంది. మన పెద్దలు వినడానికి ఇష్టపడని చట్టంలో ఉంది.

2005 గృహహింస చట్టం. ఆ పేరు వినగానే మన సంఘాల్లో మొహాలు మారతాయి. "కొట్టలేదు కదా" అంటారు. ఆ చట్టం హింస అన్నది కొట్టడం ఒక్కటే కాదని స్పష్టంగా రాసింది. ఆర్థిక హింస కూడా అందులో ఉంది: ఇంటి అవసరాలకు డబ్బు ఇవ్వకుండా వదిలేయడం, స్త్రీధనం లాక్కోవడం, ఉంటున్న ఇంటి అద్దె కట్టకుండా గాలికి వదిలేయడం. 17వ సెక్షన్ ఆమెకు ఆ ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది, ఇల్లు ఎవరి పేరున ఉన్నా సరే. 19వ సెక్షన్ కింద నివాస ఉత్తర్వు ఇచ్చేటప్పుడు, ఇరువురి అవసరాలు, స్తోమత చూసి, అద్దె "ఇంకా ఇతర చెల్లింపులు" కట్టే బాధ్యత అతని మీద మేజిస్ట్రేట్ పెట్టవచ్చు. ఇంటి పన్ను ఆ ఇతర చెల్లింపుల్లోకి రాదని ఎవరైనా చెబితే వాదించడానికి నేను సిద్ధం. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా కోడలికి ఆ నివాస హక్కు ఉండవచ్చని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు సతీష్ చందర్ ఆహుజా కేసులో చెప్పింది. మా పేటల్లో ఇల్లు చాలాసార్లు చనిపోయిన మామగారి పేరునే ఉంటుంది కాబట్టి ఈ తీర్పు మనకు చాలా అవసరం.

వకీలుకు డబ్బు ఎక్కడిది అంటారా? 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం స్త్రీకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. జిల్లా కోర్టులోనే ఆ కార్యాలయం ఉంటుంది. మా సంఘంలో ముప్ఫై ఏళ్లుగా ఉన్న పెద్దలకు ఈ విషయం తెలియదు. నాకూ నలభై దాటాక తెలిసింది.

ఇక జప్తు గురించి. కోర్టు డిక్రీ అమలులో కూడా సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నింటిని ముట్టుకోవద్దంటుంది: కట్టుబట్టలు, వంట పాత్రలు, మంచం పరుపు, చేతివృత్తివాడి పనిముట్లు. అమీనా వచ్చినా అవి తీసుకుపోలేడు. (అమీనా అన్న మాట మా నాన్న తరంలో పిల్లలను భయపెట్టడానికి వాడేవారు.) కరెంటు మగ్గం చేతివృత్తి పనిముట్టా కాదా అన్న దగ్గర వకీళ్లు కావలసినంత వాదించుకోవచ్చు, కుట్టు మిషన్ దగ్గర అంత వాదన అక్కర్లేదు. పాత మునిసిపల్ చట్టాల్లో ఇంకో వింత మాట కూడా ఉంది: తలుపు తీయించి జప్తు చేసేటప్పుడు ఆడవాళ్ల గదిలోకి వెళ్లేముందు వాళ్లు పక్కకు తప్పుకునే అవకాశం ఇవ్వాలని. ఆ చట్టం రాసినవాళ్ల మనసులో ఆడమనిషి అంటే పక్కకు తప్పుకునే మనిషే. ఇంటి పెద్దగా గుమ్మంలో నిలబడి జవాబు చెప్పే మనిషి వాళ్ల ఊహకు అందలేదు.

దీని పక్కన ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం పెట్టి చదవండి. తిరగలి రాయిని తాకట్టుగా తీసుకోకూడదు, ఎందుకంటే అది మనిషి బతుకు. విధవరాలి వస్త్రం తాకట్టు పెట్టుకోకూడదు. నాకు ఎక్కువ నచ్చేది మధ్యలో ఉన్న నియమం: అప్పిచ్చినవాడు తాకట్టు కోసం ఇంట్లోకి వెళ్లకూడదు, బయటే నిలబడాలి, బాకీ ఉన్న మనిషే తెచ్చి ఇవ్వాలి. గుమ్మం దాటకూడదు. బాకీ ఉన్నా ఆ ఇల్లు ఆ మనిషిదే. ఆ అధ్యాయం మొదటి వచనాలు ఏమిటో మీకు తెలుసు, విడాకుల పత్రం గురించి. మనవాళ్లు ఆ మొదటి నాలుగు వచనాల మీద గంటలు గంటలు వాదిస్తారు: ఎవరు వదలవచ్చు, ఎవరు మళ్లీ పెళ్లి చేసుకోవచ్చు. ఆరో వచనం దగ్గరకు ఎవరూ రారు. విడిపోయిన ఇంటి గురించీ, బాకీ గురించీ ఒకే అధ్యాయంలో మాట్లాడిన దేవుడికి, ఆ రెండూ ఒకే ఇంట్లో జరుగుతాయని తెలుసు.

మన సంఘాల్లో విడిపోయిన స్త్రీకి మనం ఇచ్చే సలహా ఏమిటి? "సర్దుకుపో." "ప్రార్థన చెయ్యి, తిరిగి వస్తాడు." తిరిగి వస్తాడని నమ్మి ఆమె ఇంటి పేరు మార్పించుకోదు, కేసు వేయదు, భరణం అడగదు. అడిగితే విశ్వాసం తక్కువైందంటాం. ఆ నమ్మకంలో ఒక్కో నెల గడుస్తుంటే నూటికి రెండు చొప్పున శాస్తి పెరుగుతుంటుంది. విడాకులు దేవునికి అసహ్యం అని బోధించే పుల్పిట్ నుంచి, వదిలేసి వెళ్లినవాడు బాకీ కట్టకపోవడం దేవునికి అసహ్యం అని ఎన్నిసార్లు వినపడింది? నా పుల్పిట్ నుంచి ఒక్కసారి కూడా వినపడలేదు. ఈ మార్చి వరకు.

పెద్ద బకాయిదారుల మాట కూడా అనుకుందాం. శాస్తి మాఫీ పథకాలు వస్తుంటాయి. మహారాష్ట్రలో వాటిని అభయ్ యోజన అంటారు. హైదరాబాదులో 2020లోనూ 2022లోనూ అసలు ఒకేసారి కడితే వడ్డీలో 90 శాతం మాఫీ ఇచ్చారు. మంచిదే. కానీ ఒకేసారి కట్టగలిగేది ఎవరు? పెద్ద గోదాం ఉన్న షావుకారు పథకం వచ్చేదాకా ఆగుతాడు, ఆ డబ్బు వ్యాపారంలో తిప్పుకుంటాడు, పథకం రాగానే కట్టేసి రసీదుతో ఫోటో దిగుతాడు. వారానికోసారి కూలి తెచ్చుకునే మనిషికి ఆ పథకం గోడ మీది పోస్టరు. ఆమెకు వాయిదాలు కావాలి. మహారాష్ట్రలో కొన్ని నగరాల్లో బకాయిదారుల ఇళ్ల ముందు బ్యాండు వాయించారు, పేర్లు ఫ్లెక్సీలు కట్టారు. పెద్ద హోటలు ముందు బ్యాండు వాయిస్తే యజమాని లోపల ఏసీ గదిలో ఉంటాడు. గల్లీలో వాయిస్తే పదో తరగతి చదువుతున్న ఆడపిల్ల మర్నాడు బడికి పోదు.

ఇంగ్లండులో ఉన్న మన తెలుగు విశ్వాసులు అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడతారు. అక్కడ ఇంటిపన్నును కౌన్సిల్ ట్యాక్స్ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గిస్తారు. అంటే భార్యనో భర్తనో వదిలేసి ఒకరు వెళ్లిపోతే ఆ బిల్లుకు ఆ సంగతి తెలిసే దారి ఒకటి ఉంది. జప్తుకు వచ్చినవాళ్లు ఫ్రిజ్, పొయ్యి ముట్టుకోకూడదు, 1,350 పౌండ్ల విలువ వరకు వృత్తి పనిముట్లు తీసుకోకూడదు. అక్కడేమీ స్వర్గం లేదు; కలిసి ఉన్న కాలపు బాకీ మొత్తం మిగిలిన ఒక్కరి నుంచే వసూలు చేయగలరు, చేస్తారు కూడా. అయినా, ఇల్లు విరిగిందని పన్ను పుస్తకానికి చెప్పుకునే ఒక గీత అక్కడ ఉంది. మన బిల్లులో ఆ గీత లేదు. ఆ గీత అడగడం కార్పొరేటర్ల పని, మన ఓట్లు అడగడానికి వచ్చినప్పుడు మనం వాళ్లను అడగవలసిన పని.

పేరు గురించి షోలాపూర్‌లోనే ఒక మంచి ఉదాహరణ ఉంది. ఊరి అంచున కుంభారి దగ్గర గోదూతాయి పరుళేకర్ మహిళా విడీ కార్మికుల సహకార సంఘం పేరున 10,000 ఇళ్లు కట్టారు, 2006లో ఆ ఇళ్లు అప్పగించారు. కార్మిక నాయకుడు నర్సయ్య ఆడం ఏళ్ల తరబడి పోరాడి సాధించిన ఇళ్లు అవి. మన రాజకీయాలు వేరు కావచ్చు, ఆయన ఎర్రజెండా మనిషే కావచ్చు. కానీ సభ్యత్వం బీడీ చుట్టే ఆడమనిషి పేరున ఉండాలని పట్టుబట్టిన ఆ ఒక్క పని మన వందేళ్ల సంఘాలు చేయలేదు. అక్కడ మొగుడు వదిలేసి పోతే పోతాడు, తలుపు మీది పేరును తీసుకుపోలేడు. మహారాష్ట్ర పల్లెల్లో "ఘర్ దోఘాంచే" అని ప్రచారం చేశారు, ఇల్లు ఇద్దరిదీ అని, పంచాయతీ నమోదులో భర్త పేరు పక్కన భార్య పేరు రాయించాలని. మనం పెళ్లి చేసేటప్పుడు ఇద్దరూ ఏకశరీరం అని ప్రకటిస్తాం. ఏకశరీరానికి ఇంటి కాగితం మీద రెండు పేర్లు ఎందుకు ఉండవు?

యవ్వనస్థులతో ఒక మాట. మీలో లా చదివేవాళ్లు ఉన్నారు, ఫోన్లో ఏ దరఖాస్తు అయినా అయిదు నిమిషాల్లో నింపగలిగేవాళ్లు ఉన్నారు. యూత్ మీటింగులో ఒక వారం క్విజ్ మానేసి మీ వీధిలో ఒంటరిగా ఉంటున్న సహోదరీల ఇంటి బిల్లులు తెచ్చి చదవండి. ఎవరి పేరు, ఏ సంవత్సరం నుంచి, అసలు ఎంత, శాస్తి ఎంత. జప్తువాళ్లు వస్తే ఆమె పక్కన నిలబడండి. గొడవకు పోవద్దు, సెల్ఫీ వీడియోలు వద్దు. వారంటు చూపమని అడగండి. ఏమేమి రాసుకున్నారో ఆ జాబితా నకలు అడగండి. ఏ వస్తువు ఎవరిదో అక్కడే రాయించండి. ఈ ఏడాది పన్ను ఆమె కట్టగలిగితే విడిగా కట్టించి రసీదు తీసుకోండి, పాతది అతని బాకీ అని రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రిసీవ్డ్ స్టాంపు వేయించండి. నోటిమాటకు ఆఫీసులో విలువ లేదు. స్టాంపుకు ఉంది.

కాపరులతో కూడా. ఏప్రిల్‌లో మా సంఘ పెద్దలం మళ్లీ కూర్చున్నాం. ఇకమీద ఏ ఒప్పుదల కాగితంలోనైనా మూడు సంగతులు లేకపోతే నేను సంతకం పెట్టనని చెప్పాను: ఇంటిపన్ను, నీళ్లపన్ను, కరెంటు బాకీ ఆ రోజుకు ఎంత; దాన్ని ఎవరు, ఏ తేదీలోగా కడతారు; పుస్తకంలో పేరు ఎప్పుడు మారుతుంది. ఒక పెద్దాయనకు కోపం వచ్చింది, సంఘాన్ని తహసీలు ఆఫీసు చేస్తున్నావన్నాడు. ఇద్దరు లేచి వెళ్లిపోయారు. మిగిలిన నలుగురం సంతకం చేశాం. భీవండిలో అతను కూర్చునే సంఘ కాపరికి ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. రెండోసారి రాశాను.

ఆ సహోదరి మార్చి నెలాఖరుకు ఆ ఏడాది పన్ను వరకు కట్టింది. అందులో కొంత ఆమెది, కొంత స్త్రీల సమాజంవాళ్లు చేబదులుగా ఇచ్చింది. నల్లా తెగలేదు. ఉచిత న్యాయసహాయం కింద వకీలు దొరికాడు, గృహహింస చట్టం కింద అర్జీ పడింది, అందులో పాత బాకీ అతను కట్టాలన్న ప్రార్థన కూడా రాయించాం. వాయిదా ఇంకా పడుతూనే ఉంది. మొన్న ఆమె రసీదు తెచ్చి నాకు చూపించింది. పైన ఇంకా అతని పేరే ఉంది. "అయ్యగారూ, పైసలు నేను గట్టిన, పేరు ఆయినెదే అచ్చింది" అంది. వకీలు దగ్గరకు తీసుకుపొమ్మని, ఫైల్లో పెట్టించమని చెప్పాను. తన పేరున నమోదు కోసం ఆమె వేసిన దరఖాస్తు మీద రిసీవ్డ్ స్టాంపు ఉంది. దాని జిరాక్సు నా బైబిల్లో నెహెమ్యా దగ్గర పెట్టుకున్నాను, పోగొట్టుకోకుండా.